ఈజిప్టు పూజ, నాన్నకు నీళ్లు: నా అనుభవం

నేను ఈజిప్టు దేవతలకు పూజ చేస్తానంటే మనవాళ్లు ముందు అడిగేది పిరమిడ్ ధ్యానం గురించే. "కడ్తాల్‌లో పెద్ద పిరమిడ్ ఉందిగా, అదేనా?" అంటారు. అది కాదు. అక్కడ చేసేది శ్వాస మీద ధ్యాస. నేను చేసేదాంట్లో పిరమిడ్ ఊసే లేదు. స్నానం, తెల్లబట్టలు, దీపం, ధూపం, నీళ్లు, నైవేద్యం. మా అమ్మమ్మ చూసినా వింతపడనంత మామూలు వ్యవహారం. వింత ఏదన్నా ఉంటే అది దేవుళ్ల పేర్లలోనే.

దీన్ని కెమెటిక్ ఆర్థడాక్సీ అంటారు. కెమెట్ అంటే ఈజిప్టుకు పాత పేరు, ఆ పాత మతాన్ని ఇప్పుడు మళ్లీ పాటించే పద్ధతి ఇది. 1988లో టమారా సియుడా అనే ఆవిడ అమెరికాలో మొదలుపెట్టారు. తర్వాత ఆవిడ షికాగో యూనివర్సిటీలో ఈజిప్టు శాస్త్రం కూడా చదివారు. సంస్థ పేరు హౌస్ ఆఫ్ నెచెర్. దాని కేంద్రం ఇల్లినాయ్ రాష్ట్రంలోని జోలియెట్. మేముండేది అదే రాష్ట్రంలో, అరోరాలో. బాలాజీ గుడి ఉన్న ఊరు అంటే అమెరికాలో తెలుగువాళ్లకు వెంటనే తెలుస్తుంది. కారెక్కితే రెండు ఊళ్లకీ పెద్ద దూరం లేదు.

నేను దీంట్లోకి వచ్చింది జ్ఞానం కోసమో శక్తుల కోసమో కాదు. 2021 మే నెలలో నాన్న పోయారు. కోవిడ్ రెండో వేవ్ నడుస్తోంది. ఇండియా నుంచి వచ్చేవాళ్ల మీద అమెరికా సరిగ్గా అప్పుడే ఆంక్షలు పెట్టింది. నాకున్న వీసా మీద వెళితే తిరిగి ఎప్పుడు రానిస్తారో చెప్పేవాళ్లు లేరు. చేతిలో చంటిపిల్ల. రేపల్లె దగ్గర మా ఊళ్లో అన్నయ్యే అన్నీ చేశాడు. నేను ఫోన్‌లో చూశాను. పెద్దకర్మ రోజు నెట్ ఆగిపోయి అదీ సగమే. తర్వాత మాసికాలు, తద్దినాలు అన్నీ అన్నయ్య చేతుల మీదుగానే జరిగాయి. నన్నెవరూ వద్దనలేదు. అసలు ఆ ప్రశ్నే ఎవరికీ రాలేదు. నేను ఫోన్ చేసి "అయిందా?" అనడం, అమ్మ "అయిందమ్మా" అనడం. అంతవరకే.

మా ఆఫీసులో పక్క టీమ్‌లో ఒకావిడ ఉండేది. ఒకరోజు మీటింగ్‌కు ముందు మాటల్లో "పొద్దున్నే మా బామ్మకు నీళ్లు పెట్టి వచ్చేసరికి లేటయింది" అంది. బామ్మ ఈవిడ దగ్గరే ఉంటుందనుకున్నాను. పోయి చాలా ఏళ్లయిందట. నేను ఇంకేం అడగలేదు కానీ ఆ మాట నన్ను వదల్లేదు. వారం తిరక్కుండానే నేనే వెళ్లి అడిగాను. కెమెటిక్ ఆర్థడాక్సీ గురించి మొదట విన్నది ఆవిడ నోటే.

కొత్తవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో క్లాసు ఉంటుంది. ఫీజు లేదు. ఉన్న మతం వదిలి రమ్మనరు. కొన్ని వారాల పాటు పాఠాలు పంపిస్తారు. దేవతల స్వభావం, శుద్ధి, పండుగలు, పోయినవాళ్లతో సంబంధం, అన్నిటికీ పునాదిగా మాత్, అంటే సత్యం, న్యాయం, లోకం సవ్యంగా నడిచే తీరు, ఇవన్నీ ఉంటాయి. పాఠం చదివి ప్రశ్నలకు జవాబులు రాయాలి. పిల్ల పడుకున్నాక వంటింటి గట్టు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రాసేదాన్ని.

మొదట్లోనే వాళ్లు చెప్పిన ఒక మాట నాకు నచ్చింది. ఈజిప్టు రహస్యాలు గురుశిష్య పరంపరగా తెగకుండా తమ దాకా వచ్చాయని చెప్పుకునే సంఘాలు లోకంలో కొన్ని ఉన్నాయి. వీళ్లు అలా చెప్పుకోరు. పరంపర తెగిపోయిందనే చెబుతారు. మనకు దొరికిన హైరోగ్లిఫ్ (ఈజిప్టువాళ్ల బొమ్మల లిపి) శాసనాల్లో ఆఖరిది ఫిలే ద్వీపంలో గుడి గోడ మీద క్రీ.శ. 394 ఆగస్టులో చెక్కింది. ఆరో శతాబ్దంలో ఆ గుడీ మూతపడింది. ఆ లిపిని మళ్లీ చదివే దారి 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్ కనిపెట్టేదాకా ఆ గోడల మీద ఏముందో చదవగలిగినవాళ్లు లేరు. పైగా ఆ లిపిలో అచ్చులు రాయరు. కాబట్టి ఇవాళ ప్రార్థనల్లో పలికేది పండితుల అంచనా, కొంత ఈజిప్టు భాషకు చివరి రూపమైన కాప్టిక్ సాయంతో. స్వరం తప్పితే మంత్రం ఎదురు తిరుగుతుందని వింటూ పెరిగినదాన్ని. "దగ్గరదగ్గరగా పలికితే చాలు" అనే మతం ఒంటబట్టడానికి నాకు టైమ్ పట్టింది. అయినా, తెలియనిది తెలియదని చెప్పే గురువు మీదే నాకు గురి ఎక్కువ కుదిరింది.

రోజువారీ పూజ పేరు సెనుత్. దాని పాఠం క్లాసులో ఇచ్చేది కాబట్టి ఇక్కడ రాయను. పద్ధతి వరకు చెబుతాను. ముందు నేట్రాన్ నీళ్లు కావాలి. కైరోకు వాయవ్యంగా వాడి నట్రూన్ అనే పల్లపు ప్రాంతం ఉంది. అక్కడి ఉప్పు చెరువులు ఎండితే మిగిలేది నేట్రాన్. శవాలను మమ్మీలుగా చేసేటప్పుడు నలభై రోజులు కప్పి ఎండబెట్టింది దీంతోనే. గుళ్లో పూజారులు నోరు శుద్ధి చేసుకున్నదీ దీంతోనే. దానికి బదులు మన ఇంట్లో వంటసోడా, ఉప్పు నీళ్లలో కలిపితే సరిపోతుంది. దాంతో నోరు పుక్కిలించి, ముఖం, చేతులు కడుక్కోవాలి. పొద్దున్నే ఆ రుచి సబ్బు నాకినట్టు ఉంటుంది. అది పోయేదాకా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, బహుశా అందుకే పెట్టారేమో. తర్వాత తెల్లబట్టలు. దీపం, ధూపం వెలిగించి, వంగి నేలకు నమస్కరించి, నీళ్లు, తినేది ఏదో ఒకటి పెట్టి ప్రార్థన. కాసేపు మనం మాట్లాడాలి. కాసేపు నోరు మూసుకుని కూర్చోవాలి. చివర్లో నైవేద్యం మనమే తినాలి, పారేయకూడదు.

ఇది ఇప్పటివాళ్ల అలవాట్లకు తగ్గట్టు కుదించిందే కానీ మూలం పాతదే. అబిడోస్‌లో మొదటి సేతి అనే రాజు కట్టించిన గుడి గోడల మీద, కర్నాక్ ఆమున్ దేవుడి గుడికి చెందిన, ఇప్పుడు బెర్లిన్‌లో ఉన్న పపైరస్‌లో (రెల్లు లాంటి మొక్కతో చేసిన కాగితంలో) ఆ పాత పూజాక్రమం ఉంది. తెల్లవారుజామున పూజారి గర్భగుడి తలుపు మీది మట్టిముద్ర పగలగొట్టి, గడియ తీసి, దేవుడి ముఖం చూసి, నేలను ముద్దాడతాడు. నిన్నటి బట్టలు విప్పి, కడిగి, నూనె రాసి, కొత్త బట్ట కడతాడు. నైవేద్యం పెడతాడు. అది తర్వాత గుడి మనుషులకు పంచుతారు. బయటికొచ్చేటప్పుడు తన అడుగుజాడలు తానే చీపురుతో తుడిచి, తలుపు మూసి, మళ్లీ ముద్ర వేస్తాడు. గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ ఆ పూజారులను చూసి ఆశ్చర్యపోయి రాశాడు: రోజు విడిచి రోజు ఒళ్లంతా గొరిగించుకుంటారు, పగలు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చన్నీళ్ల స్నానం చేస్తారు, నార బట్టలే కడతారు అని. మడి అంటే తెలిసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యపడాల్సింది ఏముందో నాకు అర్థం కాలేదు. ఆ అడుగుజాడలు తుడవడం మాత్రం నాకు చాలా ఇష్టం. వెళ్లేటప్పుడు "నేను వచ్చాను" అన్న గుర్తు కూడా మిగల్చకూడదన్నమాట.

మా ఇంట్లో పెద్ద సమస్య ధూపం. అమెరికా ఇళ్లలో పొగ తగిలితే మోగే స్మోక్ అలారాలు ఉంటాయి. సాంబ్రాణి కాస్త ఎక్కువైతే చాలు, అది కూయడం, పిల్ల లేచి ఏడవడం, మా ఆయన నిద్రకళ్లతో స్టూలెక్కి దాని నోరు నొక్కడం. "మీ ఓసిరిస్‌కి అగరొత్తి చాలదా?" అన్నారు. ఓసిరిస్ అంటే పోయినవాళ్ల లోకానికి రాజైన దేవుడు. క్లాసులో అడిగితే అగరొత్తి చాలుతుందనే చెప్పారు.

రోజూ చేస్తే ఏమవుతుందని అడిగితే, చాలా రోజులు ఏమీ అవదు. కలల్లో దేవతలు కనపడలేదు. ఒంట్లోకి ఏ శక్తీ రాలేదు. కొన్నాళ్లు విసుగొచ్చింది, కొన్నాళ్లు మానేశాను, మళ్లీ మొదలుపెట్టాను. మార్మికత అనే మాట విని వచ్చేవాళ్లు ఈ దశలోనే ఎక్కువగా జారుకుంటారని నాకనిపిస్తుంది. నేనూ జారుకునేదాన్నేమో, నాన్న లేకపోతే.

పోయినవాళ్లను అఖు అంటారు. వాళ్లకు వేరే చోటు పెట్టాలి. బతికున్నవాళ్ల ఫొటో అక్కడ ఉండకూడదు. నాన్న ఒక్కరే ఉన్న ఫొటో నా దగ్గర లేదు. అన్నిట్లో అమ్మో, అన్నయ్య పిల్లలో, నేనో ఉన్నాం. చివరికి పట్టాదారు పాసుపుస్తకం కోసం తీయించుకున్న పాస్‌పోర్టు సైజు ఫొటోను అన్నయ్య వాట్సాప్‌లో పంపాడు. భుజం మీద ఆఫీసు స్టాంపు వంకర అంచు, కాలరు దగ్గర వాడిపోయిన ఊదారంగు సిరా. ప్రింట్ తీయించేటప్పుడు షాపతను ఆ మరక తీసేయమంటారా అని అడిగాడు. వద్దన్నాను. పొలం పనుల మీద ఆఫీసుల చుట్టూ తిరిగిన మనిషి, స్టాంపు లేకుండా చూస్తే ఆయనలాగా ఉండరు.

పాఠాల్లో నన్ను పట్టుకున్నది ఇక్కడే. ఈజిప్టు సమాధుల మీద, రాతిపలకల మీద చనిపోయినవాళ్లు దారిన పోయేవాళ్లను పిలుస్తారు. బతికున్న మీరు, ఈ దారిన పోయే మీరు, నా పేరు చదివి, వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు నాకు అందాలని ఒక్కసారి అనండి, మీకు పోయేదేమీ లేదు, నోటి ఊపిరి తప్ప అని బతిమాలుకుంటారు. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఈజిప్టులోని సక్కారా నుంచి రాళ్లతో సహా తెచ్చి కట్టిన, యునిస్ అంఖ్ అనే ఆయన సమాధి గదులున్నాయి. ఐదో రాజవంశం కాలం నాటివి, నాలుగువేల ఏళ్లు దాటాయి. పిల్లను తోపుడుబండిలో వేసుకుని వెళ్లాను. స్కూలు పిల్లలు గోలగోలగా ఉన్నారు. ఆ గోలలోనే నిలబడి ఆయన పేరున వెయ్యి రొట్టెలు, వెయ్యి కుండల బీరు అన్నాను. ఎవరో నాకు తెలియదు, నా కులం కాదు, గోత్రం కాదు, నేను ఆయన కొడుకును కాను. చెల్లుతుంది.

నిజం చెప్పాలంటే ఈజిప్టులోనూ ఈ పని మొదట పెద్దకొడుకుదే. ఓసిరిస్‌కి కొడుకు హోరస్ చేసినట్టు. కాబట్టి అక్కడ అంతా సమానత్వం అని గొప్పలు చెప్పను. కానీ దారి ఇంత వెడల్పుగా ఉంచారు. ఈజిప్టును గ్రీకు వంశపు టోలెమీ రాజులు ఏలిన కాలంలో థీబ్స్‌లో సమాధుల దగ్గర నీళ్లు పోయడమే వృత్తిగా ఉన్న కుటుంబాలు ఉండేవి. ఆ హక్కును ఆస్తిలాగా పంచుకునేవాళ్లు, అమ్ముకునేవాళ్లు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. గ్రీకు, రోమన్ల కాలంలో ఈజిప్టువాళ్లు పోయినవాళ్లకు రాసిన దీవెన "ఓసిరిస్ నీకు చల్లని నీళ్లిచ్చుగాక" అని. ఎడారి దేశం కదా, స్వర్గం కన్నా ముందు నీళ్లు.

నేనూ పొద్దున్నే ఒక గాజుగ్లాసులో నీళ్లు పెట్టడం మొదలుపెట్టాను. "నాన్నా, నీళ్లు" అనడమే నా మంత్రం. సాయంత్రానికి గ్లాసు గోడలకు లోపల చిన్న చిన్న బుడగలు అంటుకుని ఉంటాయి. ఆ నీళ్లు బయట చెట్టుకు పోస్తాను. చలికాలంలో ఆ చెట్టు కింద మంచే, అయినా పోస్తాను.

ఇంకోటి, ఉత్తరాలు. ఈజిప్టువాళ్లు పోయినవాళ్లకు ఉత్తరాలు రాసేవాళ్లు, కొన్ని పపైరస్ మీద, కొన్ని నైవేద్యం పెట్టే గిన్నెల మీద. వాటిలో భక్తి కన్నా తగాదాలే ఎక్కువ. లైడెన్ మ్యూజియంలో ఉన్న ఒక ఉత్తరంలో భార్య పోయిన మనిషి ఆవిడను నిలదీస్తాడు: నీకు నేనేం తక్కువ చేశాను, నన్నెందుకు ఇలా పీడిస్తున్నావు అని. చేసినవన్నీ ఏకరువు పెడతాడు. అది చదివి నేను నవ్వాను. తర్వాత నేనూ రాశాను. మా ఊరి భాషలో, తెలుగులో. షుగర్ అంత పెరిగిందని నాకెందుకు చెప్పలేదు, "బానే ఉన్నా" అని ఎన్నిసార్లు అబద్ధమాడావు, ఆ ఆక్సిజన్ సిలిండర్ కోసం అన్నయ్య తిరుగుతుంటే నేను ఇక్కడ స్క్రీన్ ముందు కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్ట్ కేసులు రాస్తున్నాను, అది నీకు బాగుందా? నాలుగు పేజీలు తిట్లే. ఫొటో కింద పెట్టాను. అప్పటిదాకా నాన్న గురించి ఎవరడిగినా "దేవుడిలాంటి మనిషి" అనేదాన్ని. ఉత్తరం తర్వాత ఆ మాట అనడం మానేశాను. ఆయన మొండి మనిషి. నాకూ అదే వచ్చింది.

రాత్రిపూట చదివేది వేరే ఉంది. పోయినవాళ్ల కోసం ఈజిప్టువాళ్లు రాసిన మృతుల గ్రంథంలో 125వ అధ్యాయం. చనిపోయిన మనిషి గుండెను మాత్ ఈకతో తూచే ముందు, తాను చేయని పాపాలు చెప్పుకునే చోటు. నలభై రెండుమంది దేవతలు వింటూ కూర్చుంటారు. చాలామంది దాన్ని పరలోకపు పరీక్ష అనుకుంటారు. హౌస్ ఆఫ్ నెచెర్ వాళ్లు మాత్రం ఇవాళ నేను ఏం చేశాను అని చూసుకోవడానికి వాడమంటారు. చంటిపిల్లల నోటి దగ్గర పాలు లాక్కోలేదు. త్రాసు ముల్లు కదపలేదు. చదువుతూ వస్తే ఒక చోట ఆగిపోయాను: పారవలసిన కాలంలో నీటిని ఆపలేదు, పారే నీటికి అడ్డుకట్ట వేయలేదు.

మా పొలం కృష్ణా కాలువ చివర. పైవాళ్లు ఇసుక బస్తాలు అడ్డం వేసుకుంటే మాకు నీళ్లు రావు. నాట్ల రోజుల్లో నాన్న టార్చిలైటు పట్టుకుని తూము దగ్గర రాత్రంతా కాపలా ఉండేవారు. కొట్లాటలు, తలకాయలు పగలడాలు, పంచాయితీలు. తెల్లారి వచ్చి కాళ్లు కడుక్కుంటూ "నీళ్లాపినోడికి పుట్టగతులుండవు" అనేవారు. మూడువేల ఏళ్ల కింద నైలు ఒడ్డున కూడా కాలువ చివర పొలం ఉన్నవాడు ఎవడో ఉండి ఉంటాడు. దేవతల ముందు చెప్పుకోవాల్సిన పాపాల లెక్కలో తూము తగాదా కూడా చేరిందంటే ఊరికే చేరదు. ఆ రాత్రి నుంచి నాకు ఈజిప్టు పరాయి దేశంగా అనిపించడం తగ్గింది.

కొత్త సంవత్సరం ఆగస్టు మొదట్లో వస్తుంది. సిరియస్ నక్షత్రం కొన్నాళ్లు కనపడకుండా పోయి, మళ్లీ తెల్లవారుజామున తూర్పున కనపడే సమయం, ఒకప్పుడు నైలుకు వరద వచ్చే సమయం. దానికి ముందు ఐదు రోజులు ఏ నెలకూ చెందవు. గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన కథలో, ఆకాశదేవత ఏ నెలలోనూ బిడ్డను కనకూడదని శాపం పడితే, ఒక దేవుడు చంద్రుడితో ఆట ఆడి, కాస్త కాస్త వెలుగు గెలిచి, దాంతో ఐదు రోజులు తయారుచేస్తాడు. ఓసిరిస్, హోరస్, సేత్, ఐసిస్, నెఫ్తిస్ వరసగా పుట్టింది ఆ రోజుల్లోనే. అవి ప్రమాదపు రోజులని పాతవాళ్లకు భయం. నారగుడ్డకు పన్నెండు ముళ్లు వేసి మెడలో కట్టుకోవాలని పాత పపైరస్‌లో ఉంది. మా అమ్మ పంపిన నల్లతాడు పిల్ల కాలికి ఎటూ ఉంది కాబట్టి నేను గుడ్డ దగ్గర పెద్ద పట్టింపు పెట్టుకోలేదు.

కొత్త ఏడాది రోజున అపెప్‌ను నాశనం చేయాలి. సూర్యుడి పడవను రోజూ మింగబోయే మహాసర్పం అది. మట్టికుండ మీదో కాగితం మీదో పాము బొమ్మ గీసి, ఉమ్మి, ఎడమకాలితో తొక్కి, పగలగొట్టాలి లేదా కాల్చాలి. ఇక్కడ నాకు కాళ్లు ఆడలేదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసి, ఆ పుట్టమన్ను చెవులకు రాసుకుని పెరిగినదాన్ని పామును తొక్కమంటే ఎలా? క్లాసులో అడిగాను. నవ్వలేదు, ఓపిగ్గా చెప్పారు. ఈజిప్టువాళ్లకూ పాము దేవత ఉంది. రాజు నుదుటి మీద పడగ విప్పింది వాజెత్, పంటను కాచేది రెనెనుతెత్, పడవలో సూర్యుడిని చుట్టుకుని కాపాడే మెహెన్ కూడా పామే. అపెప్ ఆ జాతి కాదు. అది అడవిలో తిరిగే ప్రాణి కాదు, లోకాన్ని చెడగొట్టే అవ్యవస్థకు పెట్టిన రూపం. సరే అన్నాను. అయినా మనసు ఒప్పక పాముకు పడగ గీయలేదు, వానపాములాగా ఒక గీత గీశాను. పెరట్లో కుండ పగలగొట్టేటప్పుడు పిల్లకు ఉమ్మే భాగం భలే నచ్చింది. తర్వాత చాలా రోజులు ఎక్కడపడితే అక్కడ ఉమ్మితే మాన్పించలేక చచ్చాం.

క్లాసు అయ్యాక మూడు దారులు ఉంటాయి. వెళ్లిపోవచ్చు. రెమెచ్‌గా, అంటే స్నేహితుల్లో ఒకరిగా ఉండిపోవచ్చు. లేదా ముందుకెళ్లి, నీ తల్లో తండ్రో అయిన దేవత ఎవరో తెలుసుకునే పేరెంట్ డివినేషన్ అనే క్రతువు చేయించుకుని, ఆ తర్వాత షెమ్సుగా మాటివ్వొచ్చు. ఆ మాటలో కెమెట్ దేవతలకే మొదటి చోటు అని ఉంటుంది. తోటివాళ్లు చాలామంది ఆ రోజు కోసం ఉత్సాహంగా ఎదురుచూశారు. ఒకామె తనది సింహముఖ దేవత సెఖ్మెత్ అని తెలిసి ఏడ్చేసింది, సంతోషంతో. నాకు ఆ కోరిక పుట్టలేదు. నా తల్లిదండ్రులెవరో నాకు తెలుసు. మొదటి చోటు మంగళగిరి నరసింహస్వామిది, అది నేను ఇచ్చింది కాదు, ఇంకొకరికి మార్చడానికి. అదే రాసి పంపాను. రెమెచ్‌గా ఉండండి, ఎప్పటికైనా పర్వాలేదన్నారు. ఎవరూ బతిమాలలేదు, బుజ్జగించలేదు. అలా బతిమాలకపోవడం వల్లే ఇంకా ఉన్నానేమో.

అమ్మకు చాలాకాలం చెప్పలేదు. మొన్న సంక్రాంతికి వీడియో కాల్‌లో వెనకాల ఫొటో చూసి అడిగితే చెప్పాల్సి వచ్చింది. ఓసిరిస్ సంగతి, చల్లని నీళ్ల దీవెన సంగతి అన్నీ చెప్పాను. తిడుతుందనుకున్నాను. అంతా విని, "ఏందే, చన్నీళ్లు పెడుతున్నావా? ఆయనకు పడవు కదే, వెంటనే గొంతు పట్టేస్తది. కాచి పెట్టు" అంది. ఇప్పుడు కెటిల్‌లో కాచి, గోరువెచ్చగా అయ్యాక పెడుతున్నాను.